నల్ల దస్తీ ఆట

"గడప కాన్నుంచి గోలెం దాక ఎన్నడుగులే?"

"ఏడు, బాపూ!"

"పొయ్యి ఏ దిక్కు?"

"సెగ తగిలే దిక్కు!"

కళ్లకు నల్ల దస్తీ కట్టుకున్న అయిదేళ్ల రాజమణి చేతులు ముందుకు చాచింది. లెక్కగా ఏడడుగులు వేసి, నీళ్ల గోలెం అంచు పట్టుకుని ఎగిరి గంతేసింది. తండ్రి సిద్దిరాములు చప్పట్లు కొట్టాడు.

అరుగు మీద బీడీల చాట ముందేసుకుని కూర్చున్న తల్లి దేవవ్వకు ఒళ్లు మండిపోయింది. మస్కటు నుంచి ఆరు నెలల సెలవు మీద వచ్చిన మగడు ఇంటి పని చూడడు, పొలం గట్టు తొక్కడు. పొద్దస్తమానం పసిదానితో ఇదే ఆట. పోయిన సెలవులో నలుగురి ముందు బిడ్డను ఎత్తుకోవడానికే సిగ్గుపడ్డ మనిషి! తండ్రి బిడ్డతో ఆడుకుంటే ముచ్చటే, ఎవరు కాదన్నారు? కాని ముచ్చటకూ ఒక హద్దుండాలి కదా.

పైగా ఆ ఆటలో గెలిస్తే ఇచ్చేది బెల్లం ముక్క కాదు, పుట్నాలు కాదు. దస్తీ విప్పి, పిల్లను తెచ్చి దేవవ్వ ముందు కూర్చోబెట్టేవాడు.

"అవ్వను చూడు బిడ్డా. మంచిగ చూడు."

"నా మొహంల ఏమన్న సినిమా ఆడుతున్నదా?" అని దేవవ్వ కసిరేది. కసిరినా, లోపల ఎక్కడో కొంచెం సంబరంగానే ఉండేది.

మొన్న మాత్రం ఆమెకు ఓపిక చచ్చిపోయింది. రాజమణి గడప తట్టుకుని నేరుగా చాట మీద పడింది. పొద్దుటి నుంచి చుట్టిన బీడీలన్నీ చెల్లాచెదురయ్యాయి.

"కండ్లు నెత్తికెక్కినయా?" అని వీపు మీద ఒక్కటిచ్చింది దేవవ్వ. "గా దస్తీ కట్టుకోని కట్టుకోని, దారి సూసి నడుసుడే మరిసింది!"

సిద్దిరాములు ఏడుస్తున్న పిల్లను భుజానేసుకుని పెరట్లోకి పోయి, చాలాసేపటిదాకా తిరిగి రాలేదు.

ఇవాళ పక్కింటి సాలవ్వ పిడికెడు కొత్తిమీర తెచ్చింది. వాకిట్లో అడుగు పెట్టిందో లేదో, దస్తీ కట్టుకునే ఉన్న రాజమణి "సాలవ్వ పెద్దమ్మ! కడియాల సప్పుడు!" అని అరిచింది. సిద్దిరాములు మురిసిపోయాడు. సాలవ్వ మురవలేదు. అతను బస్టాండు వైపు వెళ్లేదాకా ఆగి, దేవవ్వ పక్కన చతికిలబడింది.

"ఆడ నౌకరి ఊడిందా ఏందే నీ మొగనికి? పోయే ముచ్చటే ఎత్తుతలేడు."

"నాకూ గదే రందిగున్నది అక్కా. శుక్రారం ఇమానం ఎక్కకుంటే వీసా ఖరాబైతదట. అడిగితే సప్పుడు చెయ్యడు. పోయిన నెల పిల్ల నెత్తి నొస్తున్నదంటే కామారెడ్డికి, ఆడికెంచి పట్నం దవఖానకు తిప్పుకొచ్చిండు. ఉట్టి వేడి చేసిందన్నరట. గప్పటిసంది గీ ఆటనే."

"ముందు రెండు కాన్పులు నిలువకపాయె. గిప్పుడు ఏడో నెల నీకు. కడుపుతోని ఉన్నదాని ముంగట గిసోంటి గుడ్డి ఆటలు ఆడద్దే పిల్లా. లోపలున్నదానికి తగులుతది."

దేవవ్వ చెయ్యి తనకు తెలియకుండానే పొట్ట మీదికి పోయింది. సాలవ్వ వెళ్లాక లోపలికి వచ్చి చూస్తే, రాజమణి దస్తీ విప్పకుండానే చాప మీద నిద్రపోయి ఉంది. వేలు నోట్లో, కాళ్లు నేల మీద. గాలి తగులుతుందని చీర చెంగుతో కాసేపు విసిరింది. బిడ్డను కొట్టిన చెయ్యే కదా అని మనసు కలుక్కుమంది. కడుపులో బిడ్డ కదిలింది. ఈ పీడ ఇవాళ్టితో విరగడ కావాల్సిందే అనుకుంటూ మెల్లగా పిల్ల మీదికి వంగింది.

సిద్దిరాములు తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది గాని ఎండ ఇంకా తగ్గలేదు. దర్వాజలోంచి చాప మీదిదాకా పరుచుకుని ఉంది. దేవవ్వ చెంబుతో నీళ్లందించి, కడుపులో మాట దాచుకోకుండా అడిగేసింది.

"నీతోని మస్కటుల పనిచేసే హన్మండ్లు శుక్రారం పోతుండట. నువ్వు?"

సిద్దిరాములు నీళ్లు తాగి, చెంబు పక్కన పెట్టాడు.

"పోత. ఇప్పటిసంది పైసలు మస్తు గావాలె మనకు."

దేవవ్వ గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. ఉత్తపుణ్యానికి మొగుణ్ణి అనుమానించాను కదా అనుకుంది.

"గని నాకొక మాటియ్యి," అన్నాడతను. "నేను పోయినంక దినాం దానితోని నువ్వు గీ ఆట ఆడాలె. బాయి కాడికి, సాలవ్వ ఇంటికి, బడికి, అన్నిటికి అడుగులు నేర్పాలె."

"నీకేమన్న పిచ్చా? గా ఆట దానికి బువ్వ పెడుతదా?"

"పెడుతదే." అతను భుజం మీది తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు. "నీ కాన్పు మంచిగ కానియ్యి. అన్నీ చెప్త."

ఇల్లు విడిచిపోయే ముందు ఎంతటి మగాడికైనా కళ్లు తడుస్తాయి. దేవవ్వకు జాలేసింది. వాదించబుద్ధి కాలేదు.

"సరే తియ్యి, ఆడుత," అంది నవ్వుతూ. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ఆమె మనసు నిమ్మళించింది.

మాటల చప్పుడుకు రాజమణి లేచి కూర్చుంది. తండ్రి గొంతు వచ్చిన వైపు చేతులు చాచింది.

"బాపూ, నేను ఓడిపోయిన. మస్తు సేపైంది, ఇగ దస్తీ ఇప్పు."

దస్తీని దేవవ్వ మధ్యాహ్నమే విప్పి పొయ్యిలో వేసింది.