ఒకసారి తొడిగి చూపించండి

“సముద్రపు ఒడ్డున ఇద్దరూ చేతులు పట్టుకుని గాల్లోకి ఎగురుతారు. కింద అల, పైన మబ్బు. ఎలా ఉంది?” అంది ఫొటోలు తీసే అమ్మాయి.

సోఫాకి ఆ చివర అబ్బాయి, ఈ చివర అమ్మాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఫక్కున నవ్వారు. వచ్చిన అరగంటలో వాళ్ళు కలిసి చేసిన పని అదొక్కటే.

“ఎగరడమా! వద్దండీ బాబూ” అంది అమ్మాయి. “బస్‌స్టాప్‌లో ఒకటి తియ్యండి. మొదట పరిచయమైంది అక్కడే. ఒకటే గొడుగు ఉండాలి.”

“పరుగులు వద్దు, మెట్లు వద్దు” అన్నాడు అబ్బాయి, బండి తాళం వేలికి తిప్పుకుంటూ. “లైబ్రరీలో ఒకే పేపరు చెరో సగం చదువుతున్నట్టు తీస్తే చాలు.”

కౌంటర్ వెనక కూర్చున్న పెద్దమ్మ చెవులు రిక్కించి వింటోంది. ముందు గది ఆవిడ ఉంగరాల దుకాణం. వెనక గది కూతురి ఫొటో స్టూడియో. పెళ్ళి కుదిరినవాళ్ళు ఉంగరాలు ఎంచుకుని, ఫొటోల ముచ్చట కూడా ఇక్కడే తేల్చుకుని వెళ్తారు.

పెద్దమ్మకి ఒక బెంగ ఉంది. బీరువా అడుగు అరలో మూడు ఆల్బమ్‌లు పడి ఉన్నాయి. అవి చేతికి అందకముందే ఆ మూడు జంటలూ విడిపోయాయి. విచిత్రమేమిటంటే, ఆ సంగతి పెద్దమ్మకి ముందే తెలిసింది. నమూనా ఉంగరం ఒకరి వేలికొకరు తొడిగి చూసుకుంటున్నప్పుడు వాళ్ళ చేతులే చెప్పేశాయి. ‘మనకెందుకులే’ అని నోరు మూసుకుంది. నాలుగో ఆల్బమ్ ఆ అరలోకి చేరనివ్వకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

“పెద్దవాళ్ళెవరూ రాలేదేమ్మా?” అని అడిగింది.

“మీకు నచ్చితే మాకూ నచ్చినట్టే, మీరే చూసి రండి అన్నారండీ.”

“సరే, వేలు ఇలా ఇవ్వు. కొలత చూద్దాం.”

“కొలతలు తెచ్చాం” అంటూ ఆ పిల్ల కాగితం పొట్లంలోంచి రెండు దారపు చుట్లు తీసింది.

పెద్దమ్మ ముక్కున వేలేసుకుంది. వేళ్ళు ఎదురుగా పెట్టుకుని దారాలేమిటి? పైగా ఆ చిన్న చుట్టులో ఈ పిల్ల వేళ్ళు రెండు పట్టేలా ఉన్నాయి.

“వదులవుతుందేమోనమ్మా.”

“అవదండీ. నేనే కొలిచాను.”

ఏమిటో ఈ పిల్ల ధ్యాస! పెద్దమ్మ ఉంగరాల పళ్ళెం ముందుకి జరిపింది. అమ్మాయి తెల్లరాయి ఉన్నది పట్టుకుంది. అబ్బాయి రాయి లేని సాదాది చూపించాడు.

“రాయి గుడ్డలకి పట్టుకుంటుంది. పైగా ఆర్భాటం.”

“ఒక్క రాయికే ఆర్భాటమా? మీకసలు ఏదీ ఇష్టం ఉండదు. మొన్న తారీఖు అడిగితే మూడు రోజులు ఫోనే ఎత్తలేదు.”

“పనుండి.”

“పనా, అలకా?”

అబ్బాయి తాళం ఇంకా జోరుగా తిప్పాడు. పళ్ళెంలోకి చూస్తూనే అన్నాడు. “హాల్లో మా అమ్మ ఫొటో ఉంది. అది అక్కణ్ణించి కదలకూడదు.”

“ఎవరు కదుపుతామన్నారు?”

“ఇవాళ అనరు. రేపు గోడకి రంగు వేయిస్తారు, తీస్తారు. ఆ తర్వాత అటక మీద పెడతారు.”

“ఆ ఫొటో మీద దుమ్ము కనిపిస్తే మా అమ్మే ఊరుకోదు” అంది అమ్మాయి నెమ్మదిగా. “ఆవిడకి ఇష్టమైన పువ్వులేవో మిమ్మల్ని అడిగి రమ్మంది. రోజూ పెట్టాలట. అడగడానికి భయమేసి ఇప్పటిదాకా ఊరుకున్నాను.”

అబ్బాయి చేతిలో తాళం తిరగడం ఆగిపోయింది.

“కనకాంబరాలు” అన్నాడు. సాదా ఉంగరాన్ని పక్కకి జరిపి, “ఆ రాయిదే తీసుకో” అన్నాడు.

తల్లి చక్కగా చెప్పి పంపిందని పెద్దమ్మ ముచ్చటపడింది. కానీ బెంగ తీరలేదు. పిల్ల మెత్తనిది. వీడి మనసులో ఏముందో ఎవరికి తెలుసు? ఈసారి మాత్రం నోరు మూసుకునేది లేదు. ఇత్తడి నమూనా ఉంగరం తీసి అబ్బాయి చేతిలో పెట్టింది.

“నా దుకాణంలో ఒక పద్ధతుంది నాయనా. ఆ అమ్మాయి వేలికి ఒకసారి తొడిగి చూపించు. అప్పుడే తారీఖు రాసుకుంటాం.”

అమ్మాయి చెయ్యి చటుక్కున ఒళ్ళోకి లాక్కుంది. అబ్బాయి నిప్పు తొక్కినవాడిలా లేచి నిలబడ్డాడు.

“అమ్మా, నీ చాదస్తం!” అంది కూతురు.

“నువ్వుండవే. ఆ అరలో మూడున్నాయి, చాలు.” పెద్దమ్మ జంట వైపు తిరిగింది. “నిజం చెప్పండి. మీలో ఎవరికైనా ఈ పెళ్ళి ఇష్టం లేదా? ఇప్పుడే చెప్తే ఏడుపు ఒక్కరోజుతో పోతుంది. తర్వాతైతే జన్మంతా ఉంటుంది.”

“ఇష్టం లేనిది నాకేనండీ” అన్నాడు అబ్బాయి.

అమ్మాయి తల దించుకుంది. పెద్దమ్మ తారీఖుల పుస్తకం మూసేసింది.

“ఇందాకటిదాకా లేదు. ఇప్పుడు ఇష్టమే. నామీద ఒట్టు.”

“అయితే తొడగడానికేం నొప్పి?”

అబ్బాయి నమూనా ఉంగరాన్ని పళ్ళెంలో పెట్టేసి, నవ్వుతూ ఆ అమ్మాయి తల మీద చెయ్యి వేశాడు.

“పెళ్ళి మా నాన్నకీ వీళ్ళమ్మకీ పెద్దమ్మా, ఇది నా చెల్లెలు.”