పులివెందుల ఫైనల్, 1983

“ఇంగ మూడంటే మూడు పరుగులప్పా! అంపైరు ముంచకుంటే కప్పు మన ప్రొద్దుటూరిదే.”

జమ్మలమడుగు బస్సులో బదరీనారాయణ వెనక సీటు వాళ్లకు చెబుతున్నాడు. నలభై ఏళ్లు దాటినా 1983 ఆయనకు పాతబడలేదు. జూన్‌లో దేశం ప్రపంచ కప్పు గెలిచిన రోజు బంగారు అంగళ్ల వీధి మొత్తం రేడియో చుట్టూ ఎగిరింది. వారం తిరక్కుండా ఊళ్లో జట్టు పుట్టింది. ఆయన కెప్టెన్. ఇప్పుడు పక్కన కూర్చున్న బట్టలంగడి రాఘవేంద్రప్రసాద్ ఆ జట్టు బ్యాటింగుకు పెద్ద దిక్కు. డిసెంబరుకల్లా పులివెందులలో జమ్మలమడుగుతో ఫైనల్ ఆడారు.

“చివరి వికెట్టు. కీపరు క్యాచ్ పట్టి అరిచినాడు, అంపైరు సామ్యూల్ సార్ వేలెత్తినాడు. ఆయనది జమ్మలమడుగే గదా! బ్యాటుకు తగల్లేదని ఈ రాఘవ ఆడనే ఒట్టేసినాడు. వింటేనా?”

“ఊరుకో బదరీ,” అన్నాడు రాఘవేంద్రప్రసాద్. “మనం పోయేది ఆయన్ను చూసేదానికే.”

సామ్యూల్ సార్ కూతురు శ్వేత నిన్న రాఘవేంద్రప్రసాద్‌కు ఫోన్ చేసింది. ఎల్లుండి నాయనకు గుండె ఆపరేషన్. అన్నం తినడం లేదు, కన్ను మూయడం లేదు. ఒక్కసారి మిమ్మల్ని చూడాలంటున్నాడు, అంది.

సార్ మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. రాఘవేంద్రప్రసాద్ కూర్చోగానే చెయ్యి పట్టుకున్నాడు.

“ఏందో చప్పుడు వింటి నాయనా. వేలెత్తేస్తి. ఎత్తినాక అనుమానమొచ్చె. దించే ధైర్యం లేకపాయ. మళ్లా ఏ మ్యాచ్‌కూ నిలబడలేదు. ఈ బరువుతో ఆపరేషన్ బల్ల ఎక్కలేను. నన్ను మన్నించు.”

రాఘవేంద్రప్రసాద్ ముందుకు వంగాడు. జారిపోయిన దుప్పటిని ఆయన పాదాల మీదికి లాగాడు.

“మన్నించాల్సింది మీరు సార్. తగిలింది.”

“ఏందీ?”

“సన్నగా తగిలింది. చేతికి తెలిసిపాయ. ఊరోళ్లకు జడిసి ఒట్టేస్తి.”

సార్ అతడి ముఖంలోకి చాలాసేపు చూశాడు.

“ఓరి దొంగా! నలభై ఏళ్లు నన్ను కాల్చుకు తింటివి గదరా!”

నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. వంటింటి వైపు తిరిగి, “శ్వేతా, ఆకలైతాందమ్మా!” అని కేకేశాడు. ఆమె బొరుగుల ఉగ్గాని ప్లేటుతో పరుగెత్తుకొచ్చింది. ఆయన మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

పక్కనే ఉన్న బదరీనారాయణ అంతా విన్నాడు. బస్టాండుకు వచ్చాక నిలదీశాడు.

“నీకోసం ఆయన ఇంటి గోడ మీద బొగ్గుతో ‘దొంగ అంపైరు’ అని రాసినోణ్ణి నేను! పిల్లలకు చెప్పినా, మనవళ్లకు చెప్పినా. ఇన్నేళ్లూ నోట్లో ఏం పెట్టుకోనుంటివి?”

“తప్పు నాదే బదరీ.”

“ఊరంతా నీ అంగడికొచ్చి ‘పాపం, రాఘవకు అన్యాయం జరిగె’ అంటాంటే టీ తెప్పించి తాపితివి గదప్పా! సిగ్గుండొద్దూ?”

“చెప్పు అందరికీ. ఊరందరికీ చెప్తానని ముందు సార్‌కు ఫోన్ చేసి చెప్పు.”

“చెప్తా! గోడ సంగతి కూడా చెప్పి మన్నింపు అడుగుతా. నీ మాదిరి దాచిపెట్టుకోను.”

బస్సు రాగానే బదరీనారాయణ ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. చిన్నప్పటి నుంచి ఇద్దరూ ఒకే బస్సులో వేరువేరుగా కూర్చోవడం అదే మొదలు. అప్పుడే ఫోన్ చెవికి ఆనించుకుని, “సార్, నేను బదరీనండీ...” అంటున్నాడు.

రాఘవేంద్రప్రసాద్ వెనక కిటికీ పక్కన కూర్చున్నాడు. ప్రొద్దుటూరు దగ్గరపడుతుండగా శ్వేత నుంచి మెసేజ్ వచ్చింది: ‘బదరీ సార్‌తో మాట్లాడి, నాయన హాయిగా నిద్రపోతాండాడు.’

అతడు దాన్ని రెండుసార్లు చదువుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

బంతి బ్యాటుకు తగలనే లేదు.