ఎలుకల పుట్టిల్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అత్తగారు, పేపరు చాటున మామగారు, సోఫాలో ఫోను నొక్కుతున్న కొడుకు, గోడకు ఆనుకుని నిలబడ్డ కొత్త కోడలు. ఎలుకల మీద పరిశోధన చేసే అమ్మాయి కూడా వచ్చింది గానీ, అత్తగారు ఆమెను మనుషుల్లో కలపలేదు. కూర్చోమని కూడా అనలేదు.

“ఏం ఎలుకలమ్మాయ్, మా స్టోరు గదిలో బోను పెట్టి పట్టుకెళ్ళావుగా. తేలిందా?”

“తేలిందండీ.”

“వింటున్నావా?” అత్తగారు కోడలి వైపు తిరిగింది. “నువ్వు రాకముందు ఈ ఇంట్లో ఒక్క ఎలుక లేదు. అవి నీ పెట్టెల్లో వచ్చాయని తేలిందో, ఆ పెట్టెలతోనే నిన్ను పుట్టింటికి తోలేస్తాను. అత్తారు పంపితే తప్ప తన గడప తొక్కొద్దన్నాడుగా మీ నాన్న? పంపుతాం, కాచుకోమను. ఏమంటావురా?”

“నీ ఇష్టం అమ్మా,” అన్నాడు కొడుకు. తల కూడా ఎత్తలేదు.

కోడలి మొహంలో నెత్తుటి చుక్క లేదు. పరిశోధకురాలికి జాలేసింది.

“ఇంటి ఎలుకల్లో ఉపజాతులుంటాయండీ. ఈమె పుట్టిన రేవు పట్నంలో ఒకటి, ఈ కొండ ఊళ్ళో ఇంకొకటి. పైకి తేడా కనబడదు. అందుకే తోక చివర ముక్క తీసి మైటోకాండ్రియా డీఎన్ఏ చూశాను. అది తల్లి నుంచే పిల్లలకు వస్తుంది.”

“తండ్రి లెక్కలో లేడా?”

“ఈ పరీక్షలో లేడండీ.”

మామగారు పేజీ తిప్పాడు. ఆ ఇంట్లోనూ ఆయన లెక్కలో లేడు.

“మరి...” కోడలు మొదటిసారి నోరు విప్పింది. “మా వైపు నుంచి మగ ఎలుక ఒక్కటే వచ్చుంటే?”

అత్తగారు పకపకా నవ్వింది. “తెలివి తెల్లారినట్టే ఉంది! తన మెడకు తనే ఉరి బిగించుకుంటోంది చూడండి.”

“భయపడకమ్మా, తండ్రి వైపు కూడా వేరే పరీక్షలో చూశాను. ఒక్కటీ మీ ఊరిది కాదు.” పరిశోధకురాలు అత్తగారి వైపు తిరిగింది. “అన్నీ ఇక్కడివేనండీ. అచ్చం మీ ఊరి సరుకు.”

అత్తగారి మొహం మాడిపోయింది. “తోక ముక్క చూసి వంశం చెప్పే మొహమూ నువ్వూనూ! నడు, నడు బయటికి. ఏయ్ పిల్లా, దీన్ని సాగనంపి ఆ స్టోరు గది కడుగు. ఎలుకలు ఎవరివైతేనేం, కడగాల్సింది నువ్వేగా.”

కోడలు గుమ్మం దాకా వచ్చింది. పరిశోధకురాలు ఆమె చెయ్యి నొక్కి, “ఇక నిన్నెవరూ ఈ ఇంట్లోంచి పంపలేరు,” అంది గర్వంగా.

“అవి నావేనని ఒక్క మాటంటే మీ సొమ్మేం పోయేదక్కా?” అంటూ కోడలు ఆమె మొహం మీదే తలుపు వేసేసింది.