లోపలి నుంచి బయటికి

"మళ్ళీ మీ అమ్మాయినే చేశారు" అంది మేడమ్.

టైలర్ తెర మీద గీసే పెన్ను కింద పెట్టేశాడు. తెర మీద ఉండాల్సింది ఒక ముసలాయన తల. ముడతలు వేశాడు, బుగ్గలు లోపలికి నొక్కాడు, జుట్టంతా తీసేశాడు. అయినా ఆ వెడల్పు నుదురు, ఆ ఎత్తు చెంపలు, కాస్త ఎడమకి ఒరిగిన గడ్డం కూతురివే. మొదటిసారి ఆ ముఖం వచ్చినప్పుడు ఎవరని అడిగితే, మేడమ్‌కి ఫోనులో ఫొటో చూపించాడు కూడా.

"మీసం పెడితే తేడా వస్తుందేమో మేడమ్."

"మీ అమ్మాయికి మీసం వస్తుంది, అంతే."

అట్టగోడ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ గదిలో అయిదుగురు నేర్చుకుంటున్నారు. ఒకరి తెర ఒకరికి కనపడకుండా మధ్యలో అట్టలు నిలబెట్టించింది మేడమ్. పక్కవాడి పని చూసిన చెయ్యి ఇంక ఎముకను చూడదని ఆమె పట్టుదల. ఎవరి పనైనా ఆమె ఒక్కతే చూస్తుంది.

"ఇది మీ ఒక్కరి జబ్బు కాదులెండి. కొత్తవాళ్ళ చెయ్యి అలవాటైన ముఖం వైపే లాగుతుంది. ఆ చివరి కుర్రాడు ఎవరిని చేసినా తన ముక్కే పెడతాడు."

"నా ముక్కు బావుంటుంది మేడమ్" అన్నాడు చివరి కుర్రాడు.

"నోర్ముయ్. టైలర్ గారూ, మీరు బయటి నుంచి లోపలికి వెళ్తున్నారు. చొక్కా కుట్టినట్టు చర్మం కుడుతున్నారు. లోపల మనిషి లేడు. ముందు ఎముక, దాని మీద కండ, ఆఖరున చర్మం. రేపు పరీక్షలో కూడా ఇలాగే చేస్తే నేను పని ఇవ్వలేను."

టైలర్ తల ఊపాడు. వైద్య విద్యార్థుల పాఠాల కోసం కంప్యూటర్లో మనిషి శరీరాన్ని మలిచే పని అది. కుట్టు దుకాణం మూతపడ్డాక ఈ వయసులో ఇదేం చదువని అందరూ అడిగారు. వాళ్ళకి చెప్పని సంగతి ఒకటుంది. ఈ విద్య ముందు మొదలుపెట్టింది కూతురు. "పుర్రెలు ముందేసుకుని కూర్చునే ఆడపిల్ల నా ఇంట్లో ఉండక్కర్లేదు" అని ఒకనాడు కోపంలో అనేశాడు. ఆ పిల్ల నిజంగానే ఉండలేదు. ఫోను పలకడం మానేసింది. పోలీసు స్టేషనుకి వెళ్తే, మేజరు, తన ఇష్టంతో వెళ్ళింది, కోపం తగ్గాక తనే వస్తుందని పంపేశారు. ఇంట్లో ఆమె వదిలేసిన కంప్యూటర్ ముందే ఇప్పుడు రోజూ రాత్రి టైలర్ కూర్చుంటున్నాడు. తిరిగొచ్చిన రోజున కూతురితో ఆమె పని గురించి నాలుగు మాటలు మాట్లాడగలిగితే చాలు, క్షమించమని వేరే అడగక్కర్లేదనుకున్నాడు.

సాయంత్రం భార్య దీపం ముందు నుంచి లేస్తూ అడిగింది. "పరీక్ష రేపేనా?"

"ఊఁ. దేవుడికి చెప్పావా?"

"మీ పరీక్ష మీరు చూసుకోండి. అది ఎక్కడున్నా ఒక్కసారి ముఖం చూపించమని అడిగాను."

ఆమె అడగని రోజు లేదు. వినే ఆయన వింటున్నాడో లేదో టైలర్‌కి తెలియదు. అయినా తనూ ఒక దణ్ణం పెట్టి అన్నానికి కూర్చున్నాడు.

మర్నాడు అయిదు తెరల మీదా ఒకే పుర్రె ఉంది.

"ఇది బొమ్మ కాదు, నిజమైన దాని స్కానింగు" అంది మేడమ్. "వైద్య కళాశాల వాళ్ళు పంపారు. ఆడమనిషి, చిన్న వయసు. ఇంతకు మించి వాళ్ళూ చెప్పలేదు."

"ఎవరిది మేడమ్?" అన్నాడు చివరి కుర్రాడు.

"అడగడానికి ఎవరూ రాని వాళ్ళది. నవ్వులాటలు మాని పని చెయ్యండి."

టైలర్ ఈసారి ఒట్టు పెట్టుకున్నట్టు చేశాడు. ఎముక మీద ఎక్కడెక్కడ ఎంత మందం కండ ఉండాలో పట్టిక చూసి, అక్కడక్కడ మేకుల్లాంటి గుర్తులు పాతాడు. ముఖం మొత్తం చూస్తే చెయ్యి మోసం చేస్తుందని ఒక్కో ముక్కే దగ్గరగా పెట్టుకుని నింపుకుంటూ పోయాడు. దవడ కండ, చెంప కండ, కంటి చుట్టూ కండ. ఆఖరున చర్మం కప్పి, వెనక్కి జరిగి చూశాడు.

కూతురు.

పళ్ళు బిగించి అంతా చెరిపేశాడు. మళ్ళీ ఎముక దగ్గర నుంచి మొదలుపెట్టాడు. గుర్తులు దాటి వెంట్రుకవాసి కూడా పోలేదు. మళ్ళీ అదే నుదురు, అవే చెంపలు, అదే గడ్డం.

అప్పటికి మేడమ్ తక్కినవాళ్ళ పని చూసుకుంటూ అతని దగ్గరికి వచ్చింది.

"క్షమించండి మేడమ్. ఎంత ఆపుకున్నా నా చెయ్యి దాని దగ్గరికే పోతోంది. నాకీ పని రాదు. ఇంటికి పోతాను."

మేడమ్ తిట్టలేదు. కుర్చీ వీపు పట్టుకుని, ఆ తెర వంకే చూస్తూ నిలబడింది.

"మీ అమ్మాయి ఫొటో వీళ్ళలో ఎవరికైనా చూపించారా?"

"లేదు మేడమ్. మీకు తప్ప ఎవరికీ చూపించలేదు."

ఆమె వంగి, అడ్డుగా ఉన్న అట్టల్ని ఒక్కొక్కటే పక్కకి తీసింది. పిల్లలు నలుగురూ కుర్చీలు జరుపుకుని, ఏం జరిగిందో తెలియక టైలర్ వైపు చూశారు. టైలర్ లేచి నిలబడ్డాడు.

నాలుగు తెరల మీదా అతని కూతురే ఉంది.