గుండుసున్నా

"ఇది కోడిగుడ్డు," అంది అత్తగారు, కంప్యూటర్ తెర చూసి. "నేను గీసింది సున్నా."

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషికి కోడలేం చెబుతుంది? కాంపాస్ ముట్టకుండా బోర్డు మీద వృత్తం గీసేదావిడ. గ్రాఫులో స్కేలు తప్పితే పదికి సున్నా పెట్టేది, అదీ అంతే గుండ్రంగా. పిల్లలు గుండుసున్నా టీచరని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆవిడకు లోలోపల గర్వమే.

పక్షవాతంతో కుడిచెయ్యి పట్టు తప్పాక, రోజూ ఇరవై సున్నాలు గీయించమన్నాడు డాక్టరు. కోడలిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పలకలాంటి పరికరం మీద గీస్తే ఆ గీత తెర మీద, నిలువు అడ్డం అంకెలతో సహా, గ్రాఫులా పడేలా చిన్న ప్రోగ్రాం రాసిచ్చింది.

మూడు వారాలైనా గుడ్డు గుడ్డుగానే ఉంది. ఆవిడ పెన్ను పక్కన పడేసింది.

"ఇక నావల్ల కాదమ్మా. తీసెయ్ దీన్ని."

మానేస్తే చెయ్యి బిగుసుకుపోతుందని డాక్టరు మరీ మరీ చెప్పాడు. కోడలు తెర వైపు ఓసారి చూసి నాలుక కరుచుకుంది.

"తప్పు మీది కాదత్తయ్యా, నాది. నిలువుకీ అడ్డానికీ స్కేలు సమానంగా పెట్టలేదు. తెర వెడల్పు కదా, మీ సున్నాని సాగదీసింది."

ఆఫీసులో ఇదే తప్పుకు అందరినీ దులిపేస్తుందట, ఇంట్లో మాత్రం తనే మర్చిపోయిందట. అలా నవ్వుతూ ఏవో రెండు అంకెలు మార్చింది. గుడ్డు కాస్తా సున్నా అయింది.

అత్తగారు కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ప్రింటు తీసివ్వు. అంకెలతో సహా."

"అంకెలెందుకత్తయ్యా?"

"అంకెల్లేకపోతే అది గ్రాఫెలా అవుతుందే?"

కాగితం ఫ్రిజ్ మీదికెక్కింది. మర్నాటి నుంచి ఆవిడ తెర వద్దంది, నోటుపుస్తకం చాలంది. ఇరవై కాదు, రోజుకు యాభై గీసింది. కోడలికి ప్రాణం లేచొచ్చింది.

రెండు నెలల తర్వాత ఒక ఉదయం పాలు తీయబోతూ కోడలు ఫ్రిజ్ ముందు ఆగిపోయింది. ఆ కాగితం మూలన ఎర్ర ఇంకుతో పదికి సున్నా వేసి ఉంది. ఎక్కడా వంకర లేని గుండుసున్నా. చెయ్యి తిరిగొచ్చిందని సంతోషంతో ఆమెకు కళ్లు చెమర్చాయి. తుడుచుకున్నాకే కింది వాక్యం కనిపించింది.

"సమానంగా ఉన్న స్కేళ్లని కావాలనే తప్పుగా మార్చావని ఆ రోజే చూశాను."