పంచుకోని పొట్లం

"ఏయ్ అవ్వా, నిలు!"

వాసుకి కేకకి ముసలావిడ నిలబడిపోయింది.

తమిళనాడు కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడవాళ్లుండే వీధి అది. ముసలావిడ ఒడి ఉబ్బెత్తుగా ఉంది. కొంగు విప్పిస్తే పొట్లాలు బయటపడ్డాయి. నంబర్లు వేసి ఉన్నాయి. అన్నీ వాసుకి పంపినవే.

"పాపం వాళ్లవి కాజేసి తింటుండావా?"

"నేను తినేకి కాదు తాయీ. వాళ్లే ఇచ్చినారు, దాసిపెట్టమని."

"నీ ఒడిలో ఎందుకు దాస్తారు? మళ్లా ఈ తెరువులో కనబడినావంటే పోలీసోళ్లకి చెప్తా!"

ముసలావిడ పొట్లాలు అప్పగించి, దగ్గుకుంటూ సందులోకి వెళ్లిపోయింది.

వాసుకి కోపానికి కారణం లేకపోలేదు.

అది రెండువేల మూడో సంవత్సరం. వాసుకి విరుదునగర్‌లో ఒక ల్యాబులో పరిశోధన చేస్తోంది. పుట్టగొడుగుల్లో బీటా గ్లూకాన్ అనే పదార్థం ఉంటుంది. ఒంట్లో మగతగా పడున్న కాపలా కణాల్ని అది తట్టి లేపుతుందంటారు. మాటిమాటికీ జ్వరాన పడే ఈ ఆడవాళ్ల నెత్తురులో ఆ మాట నిజమో కాదో తేల్చాలని వాసుకి పట్టుదల.

సగం మందికి పుట్టగొడుగు పొడి. సగం మందికి ఉత్త రాగిపిండి. రెండిట్లోనూ తాటిబెల్లం, శొంఠి కలిపారు కాబట్టి చూపుకి తేడా తెలియదు. పొట్లాలు పంచేదీ నెత్తురు తీసేదీ నర్సు. వాసుకికి తెలిసింది సీసాల మీది నంబర్లే.

మొదటి విడతలో రెండు జట్లూ ఒకేలా తేలాయి.

ఎందుకో తెలిశాక వాసుకి తల పట్టుకుంది. ఆ వీధిలో బయటినుంచి ఏది వచ్చినా ఒక్కరే తినడం తప్పు. చూపుకి తేడా తెలియకపోతేనేం, రాగిసంగటి తిని పెరిగిన నాలుకలు ఊరుకుంటాయా! "ఒగరికి మందు, ఒగరికి రాగిపిండా? ఇదేం న్యాయం?" అని పొట్లాలన్నీ ఒకే కుండలో గుమ్మరించి, గంజి కాచి, తలా ఒక గరిటె పోసుకున్నారు.

"వాళ్ల మంచితనం మన కొంప ముంచిందమ్మా," అన్నాడు వాసుకి పై అధికారి ప్రొఫెసర్ రంగనాథన్. "ఇంకొక్క విడత చూద్దాం. ఈసారీ తేలకపోతే పరిశోధన మూసెయ్యడమే."

ఎవరి పొట్లం వాళ్లే తినండి, విడత అయ్యాక రాగిపిండి వాళ్లకీ పుట్టగొడుగు పొడి ఇస్తామని నర్సు ఇంటింటికీ తిరిగి బతిమాలింది. అందరూ తలలూపారు. మొదటి విడతలోనూ ఊపారు! అందుకే చూసిపోదామని వాసుకి తనే వచ్చింది. వచ్చిన రోజే ఈ ముసలావిడ దొరికింది. ఆవిడ దగ్గర దొరికిన పొట్లాల్ని నర్సుతో ఎవరివి వాళ్లకి తిరిగి ఇప్పించింది.

విడత ముగిసింది. నెత్తురు సీసాలు విరుదునగర్ చేరాయి. వాసుకికి అన్నం సయించలేదు.

రంగనాథన్ ఫలితం చూసి కళ్లద్దాలు తీశాడు.

"రెండు జట్లూ వేరుపడ్డాయమ్మా!"

రాగిపిండి జట్టులో కాపలా కణాలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. పుట్టగొడుగు జట్టులో చురుగ్గా లేచి కూర్చున్నాయి. నెత్తురులో కణాలు మొహమాటానికి లేవవు కదా!

"ఇది మందు అనడానికి ఇంకా చాలా దూరం ఉంది," అన్నాడు రంగనాథన్. "కానీ దారి మాత్రం పడింది. గెలిచావమ్మా."

వాసుకి ల్యాబులోనే గెంతింది.

మర్నాడే బుట్టెడు వేరుశెనగ కడలమిఠాయితో కోవిల్‌పట్టిలో దిగింది. ఇచ్చిన మాట ప్రకారం రాగిపిండి జట్టుకి పుట్టగొడుగు పొట్లాలూ తెచ్చింది. వీధంతా పెళ్లివారిల్లే అయింది. ఫ్యాక్టరీలో పుల్లలు పేర్చే సెల్వరాణి మిఠాయి పంచుతుంటే వాసుకి అడిగింది.

"అక్కా, ఈతూరి కలపకుండా ఎట్ల తింటిరి?"

"ఆ అవ్వ కలపనిస్తేగా!"

"ఏ అవ్వ?"

"నువ్వు పోలీసోళ్లని చెప్పి తరిమితివే, ఆ సీనియమ్మాళవ్వ. ఇంట్లో ఉంటే అత్తలు కుండలో ఏసేస్తారని మా పొట్లాలు ఆయమ్మే దాసేది. ఫ్యాక్టరీకాడికి తెచ్చి ఎవురిది వాళ్ల చేతికిచ్చి, మింగేదాక కదిలేది లేదు. 'అందరూ ఒగటే తింటే ఏది బలమిచ్చిందో ఆ పిల్లకెట్ల తెలిసేది?' అని ఒగటే తిట్లు. నువ్వు తరిమినంక కూడా విడవలే. పెరటిదోవన ఒచ్చేది."

వాసుకి మిఠాయి పక్కన పెట్టి లేచింది.

"ఆయమ్మ యాడుండాది? నేను చూడాల."

"తమ్ముని కూతురు ఒచ్చి పిల్చుకోని పాయె. ఎట్టయాపురం పక్కన ఏదో పల్లె. పేరు మాకూ తెలీదు."

రాగిపిండి జట్టు వాళ్లందరూ తీసుకోగా సంచిలో ఒక పొట్లం మిగిలింది.

"ఇది ఎవరిది అక్కా?"

సెల్వరాణి ఆ పొట్లం వైపు చూసి కళ్లొత్తుకుంది.

"ఆయమ్మదే. ఆయమ్మదీ రాగిపిండి జట్టే. 'నాకు పడింది ఉత్త రాగిపిండే' అని మొదటి దినమే చెప్పి నవ్వింది."

దొంగ అని తను తరిమిన మనిషి, ఒడినిండా పుట్టగొడుగు పొట్లాలు మోస్తూ, దగ్గుకుంటూ, కడదాకా తన వంతు రాగిపిండే తిని తనను గెలిపించింది.