తొమ్మిదో నమూనా

"ఎవరు ఆపారు దీన్ని?"

అనుపమ అరుపుకు ల్యాబంతా ఉలిక్కిపడింది.

"నేనే మేడం," అంది రేణుకమ్మ, చేతిలోని సీసా కింద పెట్టి.

సీసాలు కడగడానికి కాంట్రాక్టరు పంపిన మనిషి. చేరి నెల కూడా కాలేదు. అలాంటిది, నడుస్తున్న మిషన్‌కు కరెంటు తీసేసింది! అనుపమకు ఒళ్లు మండిపోయింది.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు దారిలో ఉన్న ఆ ల్యాబులో అప్పుడు ఒకటే హడావుడి. కిడ్నీ జబ్బుతో ఒళ్లు వాచిపోయిన పన్నెండు మంది పిల్లల మూత్రం పరీక్షించాలి. ఫలానా ప్రొటీన్ ఉన్న పిల్లలకే కొత్త మందు ఇస్తారు. లేనివాళ్లకు ఇవ్వరు. ఉందో లేదో తేల్చేది అనుపమ. పిల్లల పేర్లు ఆమెకు తెలియవు, ఆస్పత్రి చీటీల మీద వేసిన నంబర్లే తెలుసు. వాళ్ల తాలూకు మనుషులెవరూ ల్యాబు గడప తొక్కకూడదని రూలు.

పద్ధతి పాతదే. జెల్ అనే మెత్తటి పలక పైఅంచున పన్నెండు నమూనాలూ వరసగా పోసి కరెంటు పెడతారు. ప్రొటీన్లు కిందికి దిగుతాయి. పెద్దవి పైనే ఆగుతాయి, ఉప్పునీళ్ల తొట్టిలో మునిగి ఉండే అడుగుదాకా చిన్నవి పోతాయి. తర్వాత రంగులో ముంచితే, ఆగినచోట గీత పడుతుంది.

"ఎందుకు ఆపావు?"

"మొన్న కరెంటు పోయి సగంల ఆగినదాన్ని పారెయ్యమన్నరు గద మేడం. పాత రంగునీళ్ల డబ్బాల పడేసిన. తెల్లారి చూస్తే తొమ్మిదోదాని అడుగున గీత పడ్డది. మీరు పూరాగ నడిపినదాంట్ల గది లేదు."

"అయితే?"

"కిందికెళ్లి నీళ్లల్లకు జారిపోతున్నదేమో మేడం. జర ముందుగాల ఆపి చూడున్రి."

పక్క బల్ల దగ్గర పనిచేసే జగదీశ్ కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుతో అనుపమకు తల కొట్టేసినట్టయింది. పీహెచ్‌డీ చేసిన మనిషికి సీసాలు కడిగే మనిషి పాఠం చెప్పడమా!

"నువ్వేం చదివావు?"

"మూడో తరగతి."

"మూడు చదివి నాకు నేర్పడానికి వచ్చావా?"

"లే మేడం. కండ్లతోని చూసింది చెప్తున్న. ఒక్కపారి మళ్ల పెట్టున్రి. మీ కాళ్లు మొక్కుత."

పని పోతుందన్న భయం కాబోలు అనుకున్నారు అందరూ.

అనుపమ ఆ జెల్ తీసి చెత్తడబ్బాలో పడేసింది. వెంటనే కాంట్రాక్టరుకు ఫోన్ చేసింది. "రేపటి నుంచి ఈమెను పంపకండి."

రేణుకమ్మ చెత్తడబ్బా వైపు చూస్తూ అలాగే నిలబడింది. సెక్యూరిటీ గార్డు విలాయత్ అలీ వచ్చి, "నడువమ్మా, ఇగ పోదాం," అంటే తప్ప కదల్లేదు.

ఆ సాయంత్రం అనుపమ ఇంకో జెల్ పెట్టి చివరిదాకా నడిపింది, పుస్తకంలో ఉన్నట్టే. తొమ్మిదోదాని అడుగున ఏమీ లేదు. ఆ నంబరు ఎదురుగా 'లేదు' అని రాసి పంపించి, హాయిగా ఇంటికెళ్లింది.

మూడు నెలల తర్వాత అవే నమూనాలను, జెల్‌తో పనిలేకుండా ప్రొటీన్లను తూచే పెద్ద మిషన్‌లో పెట్టారు. తొమ్మిదోదాంట్లో ఆ ప్రొటీన్ దండిగా ఉంది. కాకపోతే విరిగి చిన్న ముక్కయింది. అందుకే ప్రతిసారీ జెల్ అడుగు దాటి నీళ్లలో కలిసిపోయింది.

అనుపమకు రేణుకమ్మ మాట గుర్తొచ్చింది. 'ఏదో నోటికొచ్చింది అంది, నిజమైంది, అంతే' అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

మందు లేదన్నాక ఆ పాప మళ్లీ రాలేదన్న ఆస్పత్రివాళ్లను అడిగి తొమ్మిదో నంబరు ఇల్లు కనుక్కుంది. తొండుపల్లి. మందుపెట్టె పట్టుకుని తనే కారులో బయల్దేరింది. తప్పు ఒప్పుకోవడానికి కాదు, శుభవార్త చెప్పి దండాలు పెట్టించుకోవడానికి.

వాకిట్లో రేణుకమ్మ గిన్నెలు తోముతోంది.

"నువ్వా! ఇక్కడ పనికి కుదిరావా?" అంది అనుపమ. "మంచిదే. లోపల ఇంటివాళ్లను పిలువు. వాళ్ల పాపకు మందు తెచ్చాను."

రేణుకమ్మ లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, పెట్టె అందుకుంది. అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ అనుపమ చేతుల్లోనే పెట్టింది.

"గిది ఇంకో తల్లికి ఇయ్యున్రి మేడం, నా బిడ్డ పోయి నెల దాటింది."